నాణెం మీద నాన్న

మనవడు కొత్తగా కొన్న వెండి నాణెం చూపించాడు. ఫుట్‌బాల్ పోటీల గుర్తుగా వేసిందట. బీరువాలోంచి నా పాత నాణెం తీసి దాని పక్కన పెట్టాను.

విశాఖ పోర్టులో కళాసీగా పనిచేసిన మా నాన్నకు, తమతో ఫుట్‌బాల్ ఆడినందుకు ఓడవాళ్లు ఇచ్చిన వెండి నాణెమది. దాని మీద బంతి తన్నుతున్న మనిషి బొమ్మ నాన్నదేనని ఏడేళ్ల వయసులో నమ్మాను.

దాన్ని కరిగించి నాకు పట్టీలు చేయిద్దామని నాన్న నన్ను పూర్ణా మార్కెట్‌లో కంసాలి దగ్గరకు తీసుకెళ్లాడు. కుంపటి చూడగానే నాణేన్ని గుప్పిట్లో దాచేశాను.

“పట్టీలొద్దు. నువ్వు కాలిపోతావు.”

“నాను కాలిపోడమేటే?”

గుప్పిట తెరిచి బొమ్మ చూపించాను. నాన్న నా గుప్పిట మళ్లీ మూసేశాడు.

“అవునమ్మా, నానే. ఇంటికెల్దాం పద.”

ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే బొమ్మ కాళ్లకు బూట్లున్నాయి. నాన్న ఎప్పుడూ వట్టికాళ్లతోనే ఆడేవాడు.

“ఇదెవరు అమ్మమ్మా?” అన్నాడు మనవడు.

“మా నాన్న” అన్నాను.