పడమటి కిటికీకి వట్టివేళ్ళ తడక

మొన్న ఎండాకాలం జనగామలో కిటికీ తెరలు అమ్మే ఒక దుకాణంలో మా తమ్ముడి పక్కన కూర్చున్నాను. కొత్తగా కట్టించుకున్న ఇంటికి తెరలు ఎంచుకోవాలని అతడు నన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. చవకవి తీసుకుంటే రెండేళ్ళకే రంగు వెలిసిపోతాయేమోనని ఒక భయం, ఖరీదైనవి తీసుకుంటే డబ్బు దండగవుతుందేమోనని ఇంకొక భయం. ప్రతి గుడ్డనూ వేళ్ళతో నలిపి, వెలుతురుకు పట్టి చూసి, ధర అడిగి, మళ్ళీ మొదటిదాని దగ్గరికే వస్తున్నాడు. ఇంతలో దుకాణదారు సన్నని పుల్లలతో అల్లిన చుట్ట ఒకటి బల్ల మీద విప్పాడు. వట్టివేళ్ళ వాసన గుప్పుమంది.

"ఇదేం వాసన అక్కా? మంచిగున్నది" అన్నాడు తమ్ముడు.

అది అతనికి తెలియకపోవడమేమిటి అని ఒక్క క్షణం అనిపించింది. లెక్క చూసుకుంటే తెలియకపోవడమే న్యాయం. ఆ వాసనలో బతికిన రోజులకు అతని వయసు నెల కూడా నిండలేదు.

జ్ఞాపకాల మీద నాకు నమ్మకం తక్కువ. చెప్పేవారి ఇష్టాన్ని బట్టి అవి సాగుతాయి. అందుచేత నిలకడగా చెప్పగలిగినవి ముందు చెబుతాను. సంవత్సరం 1969, నెల మే, కార్తె రోహిణి. నాకు తొమ్మిదేళ్ళు నిండాయి. బాపు జనగామ తాలూకా కచేరీలో గుమాస్తా. స్టేషను వెనక వీధిలో కిరాయి ఇల్లు; ముందు గదికి పెంకులు, వెనక పడమటి గదికి రేకులు. ఆ రేకుల గదిలో అమ్మ నెల తక్కువగా తమ్ముణ్ణి కన్నది. దవాఖానలో తూచినప్పుడు వాడి బరువు నాలుగు పౌన్లు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం సాగుతున్న ఆ ఏడాది మా బడి ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో చెప్పగలిగినవారు లేరు. వీధి పిల్లలమంతా చింతనీడలో అష్టాచెమ్మ, ఓమనగుంటలు ఆడి ఆడి విసిగి, చివరికి బందు ఆట కనిపెట్టాము. సందుకు అడ్డంగా చేతులు పట్టుకుని నిలబడి, జై తెలంగాణ అంటే తప్ప ఎవరినీ పోనిచ్చేవాళ్ళం కాదు. మామిడి ఒరుగులు ఎండుతున్న పులుపు వాసన, తాటిముంజలు అమ్మే ఆమె గంపలోని తడి ఆకు వాసన, మధ్యాహ్నానికి రేకులు వేడెక్కి టపటప చిటిలే చప్పుడు, సాయంత్రం ఏ వైపు నుంచో లీలగా వినిపించే ఊరేగింపు నినాదాలు, ఆ వెంటనే ఆడవాళ్ళు దబదబా తలుపులు వేసుకోవడం, ఇవన్నీ కలిసినదే ఆ వేసవి. పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడేవారు. ఉద్యోగులు సమ్మె కడతారన్న మాట పుట్టినప్పటి నుంచి బాపు అన్నంలో చేయి పెట్టి, కలపడం మరచి కూర్చునేవాడు.

పడమటి గదిలో భయం ఇంకొక రకం. బాపు తల్లిని బాపు, నేను కూడా అవ్వ అనే పిలిచేవాళ్ళం. ఆమె పాత పద్ధతి తప్పని మనిషి. బాలింత గదికి గాలి సోకకూడదు గనుక కిటికీకి గోనెపట్టా కట్టింది. నులక మంచం కింద కుంపటి పెట్టింది. అమ్మకు కాచిన నీళ్ళు, పాత బియ్యపు అన్నం, వెల్లిగడ్డ కారం. సాంబ్రాణి పొగలో, చీకట్లో, ఆ వేడిలో నా తమ్ముడు ఏడవడానికి కూడా ఓపిక లేక నోరు తెరిచి మూసేవాడు. దవాఖానకు తీసుకుపోతే డాక్టరు కోప్పడ్డాడు. బాపు ఇంటికి వచ్చి తల్లితో చెప్పాడు:

"గది సల్లగ ఉండాలెనంట అవ్వా. లేకుంటె ఈ ఎండలకు పిల్లగాడు ఆగడంట."

"సల్లగనా? బాలింత గదిలనా? మతి ఉండే మాట్లాడుతున్నవారా? నీ తమ్ముడు ఎట్ల పోయిండో యాదికున్నదా నీకు?"

బాపుకు ఒక తమ్ముడు ఉండేవాడు. పుష్యమాసపు చలిలో, నెలల పిల్లవాడుగా, ఊపిరాడక పక్కలెగరేస్తూ అవ్వ ఒడిలోనే పోయాడు. ఆ మాట వచ్చాక మా ఇంట్లో ఆమె మాటే నెగ్గేది. అయినా ఆ రోజు బాపు కుంపటి తీసి బయట పెట్టాడు. కిటికీకి వట్టివేళ్ళ తడక కట్టి నీళ్ళు పోస్తే, వడగాలి దానిగుండా చల్లబడి లోపలికి వస్తుందని చెప్పాడు.

ఇక కొనడం దగ్గర చిక్కు మొదలైంది. జనగామ బజారులో తడక ఎనిమిది రూపాయలు. హనుమకొండలో ఇరవై రెండు. బాపు బజారు తడక నడుమ నుంచి ఒక వేరు పీకి తెచ్చి అమ్మకు వాసన చూపించాడు.

"వాసన లేదు చూడు. మీద మీదనే వట్టివేళ్ళు, లోపలంత గడ్డి. అది నీళ్ళు పట్టది. గడియకే ఎండుతది."

"పట్టకుంటె ఇంకింత పోస్తం" అన్నది అమ్మ. "అగ్గువదే తీస్కరా. సమ్మె కడితె జీతం రాదంటివి. గంత పిరం పెట్టి ఏం తెస్తవు?"

"ఇంకింత పోసెటందుకు బాయిల నీళ్ళేవి?"

అది నిజం. పెరటి బావి అడుగంటింది. నేను చేద దించితే మొదట రాయి తగిలిన చప్పుడు, తరువాత నీరు తగిలిన చప్పుడు. రెండు రోజులు ఇద్దరూ అవే మాటలు అటు తిప్పీ ఇటు తిప్పీ అనుకున్నారు. మూడోనాటికి తమ్ముడు పాలు సరిగా పట్టలేదు. బాపు పొద్దున్నే రైలెక్కి పోయాడు.

అప్పట్లో రైలెక్కినవాడు ఏ వేళకు వస్తాడో చెప్పలేము. సాయంత్రం బండి రాలేదు. అమ్మ గదిలోంచే "అచ్చిండా?" అని అడగడం, నేను గుమ్మంలోంచి "రాలే" అనడం, అవ్వ కసురుకోవడం. దీపాలు పెట్టాక బాపు నిలువెత్తు చుట్టను భుజాన వేసుకుని వచ్చాడు. పట్టాల మీద కాలేజీ పిల్లలు కూర్చున్నారట, కాజీపేటలో బండి ఆగిపోయిందట.

మరునాడు తడకను పెరటివైపు నుంచి కిటికీకి కట్టి బాపు స్వయంగా చెంబుతో పైనుంచి కిందికి తడిపాడు. ఎండిన నేల మీద తొలివాన పడినట్టు వాసన లేచింది. గదిలో చీకటి కూడా మెత్తబడింది. తడిస్తే గంటసేపైనా ఆరదని హనుమకొండ దుకాణదారు మాట ఇచ్చాడట. నీళ్ళు మోయడం నా పని, చూరు నీడన కూర్చుని పోయడం అవ్వ పని అని ఏర్పాటు చేసి బాపు కచేరీకి పోయాడు.

చల్లబడవలసిన గది చల్లబడలేదు. గోనెపట్టా ఆపిన వడగాలి ఇప్పుడు తడకలోంచి నేరుగా లోపలికి కొట్టింది. పిల్లవాడు తడిపిన గుడ్డలు నేనే ఉతికేదాన్ని. మొదటి రోజు ఏడు ఉతికాను, రెండో రోజు నాలుగు, మూడో రోజు మధ్యాహ్నం దాకా ఒకటే. అమ్మ వాడి కింద చెయ్యి పెట్టి చూసి, మళ్ళీ పెట్టి చూసి, "పొడిగనే ఉన్నడు" అన్నది. ఆ మాట అన్న గొంతు నాకు అమ్మదిలా అనిపించలేదు.

ఆ రోజు ఊళ్ళో బందు. కచేరీ మూసేయడంతో బాపు మధ్యాహ్నమే ఇంటికి వచ్చి, గదిలోకి అడుగు పెట్టి, ఆగిపోయాడు. పెరట్లోకి పోయి తడకను ముట్టుకున్నాడు. వరిగడ్డిలా గలగలమంది.

"మోసం చేసిండు! ఇరవై రెండు రూపాలు ఉసికెల పోసిన. గిది నీళ్ళు పట్టుడే లేదు. దీన్ని ఇప్పి వాని మొకాన కొడత" అంటూ కట్లు విప్పబోయాడు.

నేను అప్పుడే బిందె దించాను. పొద్దటి నుంచి అది ఆరోది. తడక కింది నేల చూశాను; దుమ్ము మీద కోడి అడుగులు కూడా చెరగలేదు. నాలుగడుగుల అవతల కల్యమాకు, అంటే కరివేపాకు, చెట్టు పాదు మాత్రం నిండా బురద. ఊరంతా మాడిపోతుంటే ఆ చెట్టు లేత చిగుళ్ళు వేసింది.

"బాపూ, నీళ్ళు దానికి పొయ్యలే. చెట్టుకు పోసిండ్రు" అన్నాను.

అవ్వ లేవలేదు. చెంబు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నేనే పొయ్యలే. ఏమంటవురా? సలికి ఒకణ్ణి ఇడిసిన. ఇంకొకణ్ణి నా చేతులతోని సలికి పెట్టాల్నా?"

బాపు చేతిలో తాడు అట్లాగే ఉంది. అప్పుడు పెరటి తలుపు చప్పుడైంది. పురిటి స్నానం కాకముందు గడప దాటకూడని అమ్మ, తలకు గుడ్డ చుట్టుకుని, గోడ పట్టుకుని ఎండలోకి వచ్చింది. అవ్వ కంగారుగా, "లోపలికి పో పిల్లా, వాతం కొడతది!" అని అరిచింది. అమ్మ వినలేదు. నా బిందె ఎత్తబోయింది, బలం చాలలేదు. అమ్మ అవ్వ ఎదుట వంగి చెయ్యి చాపింది.

"అత్తమ్మా, ఆ చెంబు ఇయ్యి. పొద్దటిసంది పొడిగున్నడు. పోతె నా చేతుల మీద పోనియ్యి. నీ మీదికి రాదు."

అవ్వ ఆమె ముఖంలోకి చూసింది. చెంబు ఇవ్వలేదు. లేచి, బిందెలో ముంచి, తడక మీద పోసింది. ఒకటి, రెండు, తరువాత ఆగకుండా. పోస్తూనే నన్ను తిట్టింది, బాపును తిట్టింది, డాక్టరును తిట్టింది. ఖాళీ బిందె నా వైపు నెట్టి, "ఏం జూస్తున్నవే లెక్కలదానా, తే!" అన్నది. తడక నల్లబడింది, బరువెక్కింది. చుక్కలు కోడి అడుగుల మీద పడ్డాయి. పడమటి గాలి వచ్చింది.

అమ్మను మంచం మీద పడుకోబెట్టాక అవ్వ పిల్లవాడి చెవుల్లో దూది పెట్టి, ఆ రోహిణి కార్తెలో వాడికి కుల్లాయి తొడిగింది. ఆ మేరకు ఆమె ఓడిపోలేదు. చమచాతో పాలు పిండి పోస్తే మొదట కారిపోయాయి, తరువాత గొంతు కదిలింది. సాయంత్రం దాకా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. వీధిలో బందు ముగిసిన సందడి మొదలవుతున్న వేళ, గదిలోంచి అవ్వ కేక వినిపించింది.

"పోసిండు! ఓరి నా కొడకా, పోసిండు!"

తడి గుడ్డను రెండు చేతులా ఎత్తి పట్టుకుని పెరట్లోకి వచ్చింది. బాపు దాన్ని ముట్టి చూసి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

జూన్‌లో ఉద్యోగులు సమ్మెలోకి పోయారు. బాపు జీతం ఆగింది. రెండు పూటలా మక్కజొన్న రవ్వ గట్కే తిన్నాము. పిరమైన తడక తెచ్చినందుకు ఎవరూ ఎత్తిపొడవలేదు. మృగశిర వానలు పడేదాకా అవ్వ చూరు కింద నుంచి కదలలేదు. కల్యమాకు చెట్టు ఎండిపోయింది.

ఇప్పుడు ఆ వీధిలో రేకుల ఇల్లు లేదు, బావిని పూడ్చారు. బాలింతల గదుల్లో ఏసీలు ఉన్నాయి. నిలువెత్తు తడక భుజాన మోసేవారు కనిపించడం లేదు. దుకాణంలో తమ్ముడు ఆ పుల్లల తెరను ముక్కు దగ్గర పెట్టుకుని, ధర తగ్గించమని బేరమాడుతున్నాడు. నేను అంచు వేళ్ళతో తడిమి దుకాణదారును అడిగాను, దీని మీద నీళ్ళు పోయవచ్చా అని.

ఆయన నవ్వాడు. "అయ్యో, నీళ్ళు తగలనియ్యద్దమ్మా. సెంటు పోతది, పుల్లలు ఉబ్బుతయి, ఖరాబైతది."

తమ్ముడు నా వైపు తిరిగి, "తీస్కుందామా అక్కా?" అన్నాడు. యాభై దాటిన మనిషి, నుదుటి మీద చెమట. నేను కొంగుతో వాడి నుదురు తుడిచాను. కొంగు తడిసింది.