పదిహేడు మంది నాయనలు, ఒకే ఉత్తరం

ఆ రోజుల్లో (మరీ పాతకాలమేం కాదు, అప్పటికే అందరి చేతుల్లో ఫోన్లున్నాయి) ఇంగ్లీషు భాషను కాపాడే బాధ్యత నా ఒక్కదాని మీదే ఉందని గట్టిగా నమ్మేదాన్ని. నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరిన మొదటి సంవత్సరమది. పేపర్లు దిద్దుతుంటే ఒళ్ళు మండిపోయేది. 'బిఫోర్' రాయమంటే 'బి' పక్కన నాలుగు అంకె వేసేవాళ్ళు. 'యు'కి ఒక్క అక్షరం, 'థాంక్యూ'కి రెండు. ఒక మహానుభావుడైతే వ్యాసం చివర నవ్వు బొమ్మ గీశాడు. (నన్ను చూసే నవ్వుతోందని నా అనుమానం.)

అలాంటి సమయంలో, హాజరు తక్కువైనవాళ్ళు కారణం చెబుతూ ప్రిన్సిపాల్‌కు ఇంగ్లీషులో ఉత్తరం రాసివ్వాలనీ, లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరనీ నోటీసు పెట్టారు. అందరికంటే ముందు ఇచ్చింది ఆళ్ళగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకమ్మాయి. మర్నాడు ప్రిన్సిపాల్ నన్ను పిలిచి ఆ కాగితం నా ముందుకు తోశారు.

"ఏందమ్మా ఇది? ఉత్తరమా, ఫోన్ మెసేజా? నువ్వు నేర్పిస్తాండేది ఇదేనా?"

వాళ్ళ నాన్న ట్రాక్టర్ మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్న సంగతి అందులో రెండు లైన్లలో ఉంది. ఒక్క మాటకూ పూర్తి స్పెల్లింగు లేదు. కింద దండం పెడుతున్న రెండు చేతుల బొమ్మ. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్లను స్టాఫ్‌రూముకు పిలిచి చెడామడా తిట్టాను. అంతా విని, "అర్థమైతాది గదా మేడమ్," అంది నెమ్మదిగా. దాంతో నా కోపం రెండింతలైంది. నేనే కూర్చుని, చదివితే నాకే కళ్ళు చెమర్చేంత గొప్ప ఇంగ్లీషులో పేజీ నిండా ఉత్తరం రాసి, "దీన్ని చూసి రాసివ్వు" అన్నాను.

ఆ అమ్మాయి దాన్ని ఫోటో తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టింది. (పాపం, నలుగురికీ సాయమవుతుందనే.) రెండు రోజుల తర్వాత ప్రిన్సిపాల్ బల్లమీద పదిహేడు ఉత్తరాలున్నాయి. ఒక్క తప్పు లేదు. పదిహేడు మంది నాయనలూ ట్రాక్టర్ మీదనుంచి పడ్డారు, పదిహేడు మందికీ ఎడమ కాలే విరిగింది. బనగానపల్లె విద్యార్థి ఒకడు 'ఆయనకు ఒక్కగానొక్క కూతురిని' అన్న మాట కూడా మార్చకుండా దింపేశాడు.

"ట్రాక్టర్లన్నిటికీ పిచ్చి పట్టిందా ఏందమ్మా? ఒక్కర్ని గూడా కూర్చోనిచ్చేది లేదు!"

"సార్, వీటిల్లో ఒకటి నిజం."

"అట్లయితే నువ్వే పోయి చూసిరాపో."

ఆదివారం విసుక్కుంటూ ఆళ్ళగడ్డ బస్సెక్కాను. ఆ ఇంట్లో మంచం మీద సిమెంటు కట్టుతో వాళ్ళ నాన్న ఉన్నాడు. అమ్మాయి అప్పుడే పొలానికి నీళ్ళు కట్టి, మోకాళ్ళదాకా బురదతో వచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నేను పడినప్పట్నుంచి సేద్యమంతా పాపే చేస్తాంది మేడమ్," అన్నాడాయన. తర్వాత కొంచెం గర్వంగా, "ఫోన్లో ఇంగిలీషు టకటకా కొడతాంటాది. కాలేజీలో ఇంకా బాగా రాస్తాది గదా?"

అమ్మాయి తల దించుకుంది. "బాగా రాస్తుందన్నా," అని అబద్ధమాడి, ఇచ్చిన మజ్జిగ ఒక్క గుక్కలో తాగేశాను.

నేను చెప్పింది విని ప్రిన్సిపాల్ మెత్తబడ్డారు. పదిహేడు మందినీ తన ఎదుటే కూర్చోబెట్టి సొంతంగా రాయించారు. ఆళ్ళగడ్డ అమ్మాయి మూడే వాక్యాలు రాసింది: మా నాన్న కాలు విరిగింది, పొలం పని నేను చేశాను, నాకు పరీక్ష రాయాలని ఉంది. అన్నీ పూర్తి మాటలే. ఒక క్రియ మాత్రం తప్పు. ఎర్రపెన్ను మూత తీశాను, మళ్ళీ పెట్టేశాను. ప్రిన్సిపాల్ సంతకం చేశారు. అమ్మాయి పరీక్ష రాసింది.

ఇప్పటికీ ఆ బస్సులో కిటికీ పక్కన మూతి బిగించి కూర్చున్న ఇరవై నాలుగేళ్ళ మేడమ్ గుర్తొస్తే నవ్వొస్తుంది. పాపం, ఇంగ్లీషు ఏమైపోతుందోనని ఆమెకు ఎంత బెంగ!