ల్యాబు దీదీకి చెప్పిన నిజం

మంగళవారం పొద్దున పదిన్నరకి దీదీ వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. పోర్ట్ బ్లెయిర్ గోల్ ఘర్‌లో నేను పనిచేసే ల్యాబులో ఒక పెద్దాయన చేతికి అప్పుడే పట్టీ బిగించి ఉన్నాను. ఫోన్ మోగుతూనే ఉంది. రక్తం తీసి, ట్యూబు మీద ఆయన పేరు రాసి, అప్పుడు ఎత్తాను.

"అక్కా, అమ్మ పోయింది. టీ తాగింది. కుర్చీలో అలా వెనక్కి వాలింది. కప్పు తీద్దామని వెళ్ళేసరికి..."

ఏడుపొచ్చింది నాకు. ఏడుపుతో పాటే, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, గుండెల్లోంచి పెద్ద ఊపిరి ఒకటి బయటికొచ్చింది. ఆవిడ బాధపడకుండా వెళ్ళింది, అదొకటి. ఏళ్ళ తరబడి ఆవిడకి చెప్పకుండా దాచిన మాట మూడు వారాల ముందే చెప్పేశాను, అది ఇంకొకటి. చెప్పకముందే ఈ ఫోన్ వచ్చుంటే నా గతేమిటో.

దీదీ నాకు తోబుట్టువు కాదు. అండమాన్ ఉత్తరాన మాయాబందర్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో నేను ల్యాబు టెక్నీషియన్‌గా చేరినప్పుడు ఆవిడ అక్కడ సీనియర్. వాళ్ళ నాన్న శ్రీకాకుళం తీరం నుంచి వేటకని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా తాతదీ అదే దారి. వరసలు కలిపితే ఏ పిన్నో అత్తో అయ్యేదేమో. కానీ ఊళ్ళో బెంగాలీలు, బర్మా నుంచి వచ్చిన కరెన్లు, రాంచీవాళ్ళు, తమిళులు అందరూ దీదీ అనే పిలిచేవాళ్ళు, నాకూ అదే అలవాటైంది.

సన్నగా, పొడుగ్గా ఉండేది. గోళ్ళు మొదలంటా కత్తిరించుకునేది. సూది పట్టే ముందు అరచేతులు రెండూ రుద్ది వేడి చేసుకునేది. "సల్లటి సెయ్యి తగిల్తే నరం దాక్కుంటాది," అనేది. నరాన్ని కళ్ళతో వెతికితే ఊరుకునేది కాదు. "కళ్ళు మూసుకోని వేలెట్టి సూడు. వేలి కింద ఎగిరిందా, అదే నీ నరం."

పేరు దగ్గర మాత్రం మహా మొండి. పక్కింటి మనిషైనా సరే, "మీ పేరేటి?" అని అడిగి వాళ్ళ నోటితో చెప్పించాల్సిందే. పేరు మనం అందిస్తే, జ్వరంలో ఉన్నవాళ్ళు ఏ పేరుకైనా తలూపేస్తారనేది. ట్యూబు మీద పేరు మంచం పక్కనే రాయాలి. ఒకసారి ముగ్గురి ట్యూబులూ ట్రేలో పెట్టుకొచ్చి, బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. దీదీ చూసి మూడూ తీసి పారేసింది. "ఎల్లు. మళ్ళీ తియ్యి. సారీ కూడా నువ్వే సెప్పు." ముగ్గురికీ మళ్ళీ సూది గుచ్చి, మూడుసార్లు సారీ చెప్పాను. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆ తప్పు మళ్ళీ చెయ్యలేదు.

అటువంటి మనిషితో నేను అబద్ధమాడాను.

చేరి నాలుగో నెల. ఒక ముసలి జాలరిని తీసుకొచ్చారు. మూడు రోజులుగా వాంతులు, విరేచనాలు. చేతుల్లో నరమన్నది లేదు. రెండుసార్లు గుచ్చాను, దొరకలేదు. పక్కన ఆయన భార్య నా మోచెయ్యి పట్టుకుని, "ఇంక గుచ్చకమ్మా, నీకు దండమెడతాను," అని ఏడుస్తోంది. మూడోసారికి సన్నగా వచ్చింది రక్తం.

మా పనిలో ట్యూబులకి రంగు మూతలుంటాయి. ఎర్ర మూత ట్యూబులో రక్తాన్ని గడ్డ కట్టనిచ్చి, పైన తేరిన నీటితో పరీక్షలు చేస్తాం. వంకాయరంగు మూత ట్యూబులో రక్తం గడ్డ కట్టకుండా ముందే ఒక మందు ఉంటుంది. ఆ మందులో పొటాషియం ఉంటుంది, పైగా అది రక్తంలో కాల్షియాన్ని పట్టేస్తుంది. అందుకే ముందు ఎర్రది నింపాలి, తర్వాతే రెండోది. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో చుక్క కూడా పొయ్యకూడదు. ఇదంతా మొదటి వారమే నేర్పింది దీదీ.

ఆ రోజు కంగారులో వంకాయరంగుది ముందు నింపేశాను. ఎర్రదాంట్లోకి అడుగు తడిసేంత పడేసరికి రక్తం ఆగిపోయింది. నాలుగోసారి గుచ్చడానికి నాకు మనసొప్పలేదు. ధైర్యమూ చాలలేదు. అటు తిరిగి, నిండుగా ఉన్న ట్యూబులోంచి కొంచెం ఎర్రదాంట్లోకి ఒంపాను. ఎవరూ చూడలేదు.

మెషీన్ ఇచ్చిన అంకె చూసి నాకే భయమేసింది. పొటాషియం ఉండాల్సినదానికి దాదాపు రెట్టింపు. అంత ఉంటే గుండె ఏ క్షణానైనా ఆగిపోవచ్చు. రిపోర్టు చూసి డాక్టరు ఈసీజీ తీయించారు. పొటాషియం దించే మందు సిద్ధం చెయ్యమని నర్సుకి చెప్పి, పోర్ట్ బ్లెయిర్ పంపడానికి అంబులెన్సు పిలిపించారు. ఆ రోడ్డు మీద ఫెర్రీలో సముద్రపు పాయలు దాటాలి, అడవిలో బళ్ళన్నీ పోలీసు కాపలాతో గుంపుగా వెళ్ళే కాన్వాయ్‌ని టైముకి అందుకోవాలి. ఆ ముసలాయన ఆ ప్రయాణం తట్టుకుంటాడని ఎవరికీ నమ్మకం లేదు. నిజానికి ఆ మందు ఎక్కించినా చాలు, ప్రాణం పోవడానికి. పొటాషియం సరిగ్గా ఉన్న మనిషికి అది ఎక్కిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు.

దీదీ రిపోర్టు అందుకుని ఒక్క నిమిషం చూసింది. ఆమె వేలు పొటాషియం దగ్గర ఆగలేదు, కిందకి దిగి కాల్షియం దగ్గర ఆగింది. అది మరీ పాతాళంలో ఉంది.

"అంత తక్కువ కాల్షియంతో మనిషి అలా మాట్లాడలేడే," అంది. నా వైపు తిరిగింది. "రెండు ట్యూబులూ నేరుగానే నింపావు కదా?"

"అవును దీదీ."

వార్డుకి గబగబా నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను.

"డాక్టర్ సాబ్, పౌన్ ఘంటా దీజియే. ఖూన్ మై ఖుద్ లేతీ హూఁ," అంది. ముప్పావు గంట ఆగండి, రక్తం నేనే తీస్తానని. ఈసీజీ బాగానే ఉందన్న ధైర్యంతో డాక్టరు ఒప్పుకున్నారు. మందు మాత్రం పక్కనే పెట్టుకుని నిలబడ్డారు.

దీదీ వేడినీళ్ళలో ముంచిన గుడ్డ ముసలాయన చేతికి చుట్టి, పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"నీ పేరేటి మావా?"

"నీకు తెల్దేటి? మొన్న సూరచేప నీకియ్యలేదా?"

"ఇచ్చావు. బాగుంది. పేరు సెప్పు."

చెప్పాడు. తండ్రి పేరూ చెప్పాడు. గుడ్డ తీసి, కళ్ళు మూసుకుని వేలితో తడిమి, ఒక్కసారికే నరం పట్టింది. ముందు ఎర్రది, తర్వాత వంకాయరంగుది. అక్కడే పేరు రాసింది.

ఆ తర్వాతి అరగంట నాకు ఇప్పటికీ గుర్తే. గడ్డ కట్టేదాకా ట్యూబుని కదపకూడదు. డాక్టరు రెండుసార్లు తలుపు దగ్గరకొచ్చి చూశారు. నేను ట్యూబుల్ని గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ మూత తెరవబోయాను. "కూకో," అంది దీదీ. "మన కంగారు దానికేటి తెలుసు? దాని టైము దానికియ్యి." గోడ గడియారం చూస్తూ కూర్చుంది. నేను నేల చూస్తూ కూర్చున్నాను.

పొటాషియం మామూలుగా వచ్చింది, కాల్షియం కూడా. ఒంట్లో నీరు తగ్గింది, అంతే. డాక్టరు మందు ట్రే వెనక్కి పంపించేశారు. అంబులెన్సు వద్దన్నారు. "నా మావకి ఏటయిందమ్మా?" అని ముసలమ్మ దీదీ చెయ్యి పట్టుకుంది. "ఏటీ అవలేదు. రెండ్రోజులు సెలైన్ ఎక్కితే లేచి కూకుంటాడు. నువ్వు ఎల్లి ఏదైనా తిను," అంది దీదీ. ముసలమ్మ అక్కడే గోడకి ఆనుకుని నేల మీద కూలబడి, నవ్వుతూ ఏడ్చింది. నేను బాత్రూములోకి పోయి గడియ పెట్టుకుని ఏడ్చాను.

తప్పు ఎక్కడ జరిగిందని డాక్టరు అడిగితే, "ల్యాబుదే సాబ్," అంది దీదీ. నా పేరెత్తలేదు. ఆ సాయంత్రం మేం వాడుతున్న ట్యూబుల డబ్బా తీసి, పైన పెద్ద అక్షరాలతో 'వాడొద్దు' అని రాసింది. కొత్త డబ్బా పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చేదాకా పాత గాజు ట్యూబులు కడుక్కుని వాడాం. రోజూ నేనే కడిగేదాన్ని. రోజూ ఈరోజు చెప్పేద్దామనుకునేదాన్ని. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. ఆవిడకి అంతా తెలుసనీ, నా పరువు కోసమే ఊరుకుందనీ నన్ను నేను సముదాయించుకున్నాను. ఏళ్ళ తరబడి అలాగే అనుకున్నాను.

రిటైరయ్యాక దీదీ పోర్ట్ బ్లెయిర్‌కే, జంగ్లీఘాట్‌లో కూతురి దగ్గరికి వచ్చేసింది. నేనప్పటికే ఇక్కడి ల్యాబుకి మారిపోయాను. కిడ్నీలు కొంచెం మందగించాయి. నెలనెలా రక్తపరీక్ష. ఇంకెవర్నీ సూది ముట్టనిచ్చేది కాదు, నేనే ఇంటికి వెళ్ళి తీసేదాన్ని. ప్రతిసారీ ఆవిడ పేరు నేను అడగాల్సిందే, ఆవిడ చెప్పాల్సిందే.

మూడు వారాల కిందట వెళ్ళినప్పుడు ఆవిడ నరమూ సన్నబడింది. రెండో ట్యూబు సగంలో ఆగింది. "సాలకపోతే మళ్ళీ గుచ్చు, నాకేటి భయం లేదు," అంది. ఆ మాటకి నాలో ఏదో తెగింది. సూది తీసి పక్కన పెట్టి, అంతా చెప్పేశాను. ముసలాయన, వంకాయరంగు ట్యూబు, ఒంపడం, అవును దీదీ అనడం.

దీదీ దూది అదుముకుంటూ నా మొహం చూసింది.

"మీకు తెలుసు కదా దీదీ?"

"నాకెలా తెలుస్తాదే? నువ్వు అవునన్నావు. నమ్మేశాను."

ఆ మాట గుండెల్లో సూటిగా దిగింది. ఆవిడ నన్ను కాపాడలేదు. నమ్మింది, అంతే. నేను తల దించుకున్నాను. ఏదో చప్పుడైతే తలెత్తాను. దీదీ నవ్వుతోంది.

"డబ్బా నిండా మంచి ట్యూబులే! పారేయించావు కదే! ఒక్కోదాన్నీ ఎల్తురులో పెట్టి సూశాను, పగులు ఎక్కడుందా అని! కంపెనీవోడికి ఉత్తరం కూడా రాశాను, మీ మందులో ఏటో తేడా ఉందీ అని!" నవ్వి నవ్వి దగ్గొచ్చింది. నీళ్ళిచ్చాను. తాగి, కళ్ళు తుడుచుకుని, నా తల మీద చెయ్యేసింది. "ఆ రోజే సెప్పుంటే రెండు తిట్లతో పోయేది. ఇన్నాళ్ళు మోశావా పిచ్చిదానా? ఇంక వొదిలెయ్యి. నీ దగ్గరికొచ్చే పిల్లలకి సెప్పు ఇది. నేనే సేశానని సెప్పు."

ఆ వారమే చెప్పాను. మా ల్యాబులో నేర్చుకుంటున్న నలుగురు అమ్మాయిలూ గుడ్లప్పగించి విన్నారు. మర్నాడు వాళ్ళలో ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి, "మేడమ్, నిన్న నేనొక సాంపిల్ ఎండలో వదిలేశాను. మళ్ళీ తీయాలి," అంది. దీదీకి ఫోన్ చేసి చెబితే, "అచ్ఛా!" అని మురిసిపోయింది. అదే మేం మాట్లాడుకున్న చివరి మాట.

నిజం చెప్పిన ఆ రోజు దీదీ రెండో చేతికి మళ్ళీ గుచ్చి, రెండో ట్యూబు నింపుకుని లేచాను. దూది పెట్టి అదిమి పట్టుకోమన్నాను, కూర్చోమన్నాను. వినలేదు. కింద సందులో ఆటోలు, చేపల బుట్టలు, ఒకటే గోల. గేటు దాటి, ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. దీదీ మేడ మీద వరండాలో నిలబడి ఉంది. ఎడమచెయ్యి తిన్నగా చాచి, దూది మీద కుడి బొటనవేలు అదిమి పెట్టి, మీదనుంచి నన్నే చూస్తోంది. ఆవిడ భుజాలు ఇంకా నవ్వుతో కదులుతున్నాయి.