గంటగోపురంలో సందు

శాలేమురాజు మా ఊరి తాపీమేస్త్రి. కర్లపాలెం పక్కనున్న మా ఊళ్ళోనే కాక బాపట్లలో, రేపల్లెలో కూడా పాత మిషను బంగళాలకు మరమ్మతులంటే అతన్నే పిలుస్తారు. మామూలుగా అయితే పెద్దగా మాట్లాడడు. పని గురించి ఎత్తితే మాత్రం నోరు ఆగదు. "నా పూత మీద ఇంతవరకు మళ్ళీ సుత్తి పడలేదండి" అని టీ కొట్టు దగ్గర కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడు. వినీ వినీ మా చెవులు తుప్పుపట్టాయి. అతని భార్య కృపమ్మకైతే మరీను. "ఆ మాట నీ సమాధి మీద రాయిస్తాలే" అనేది.

మా లూథరన్ గుడి గంటగోపురంలో, గంటకు పైన, గోడకూ కప్పుకూ మధ్య ఒక సందు ఉంది. అందులో గబ్బిలాలు ఉంటాయి. పళ్ళు తినే పెద్దవి కావు, పురుగులు తినే చిన్న జాతి. కొండ అడవుల్లో అయితే వీటికి గుహలుంటాయి. మా వైపు ఎటు చూసినా వరి పొలాలే, కొండన్నది చూడాలంటే బస్సెక్కాలి. అందుకని మా గోపురాన్నే గుహ చేసుకున్నాయి. దీపాలు పెట్టే వేళకు బయటికొచ్చి, పొలాల మీద పురుగుల్నీ దోమల్నీ తిని, తెల్లారేసరికి తిరిగొస్తాయి. ఆ మేలు ఎవరికీ కనబడదు. గోపురం కింద పాటలవాళ్ళు కూర్చునే కోయిర్ బెంచీల మీద పడే రెట్టలు మాత్రం అందరికీ కనబడతాయి.

జూన్ మొదటి ఆదివారం మా గుడి ప్రతిష్ఠ పండగ. ఏటా ముందు వారం సున్నాలు వేయిస్తారు. పోయిన ఏడాది సంఘపెద్ద జ్ఞానానందం గారు ఆ సందు కూడా మూయించాలన్నారు. మందు కొట్టి చంపితే పీడా పోతుందని ఇంకెవరో అన్నారు. శాలేమురాజు ఒప్పుకోలేదు.

"దేవుడి గుళ్ళో చావులేంటండి? సాయంత్రం మేతకి పోతాయిగా. పోయాక మూసేస్తాను. ఇంకో చోటు చూసుకుంటాయి."

మంచి ఆలోచనే అనుకున్నాం అందరం. శుక్రవారం సాయంత్రం నిచ్చెన మీదే కూర్చుని, చివరి గబ్బిలం కూడా బయటికి పోయేదాకా ఆగాడు. సందులోకి ఇటుక ముక్కలు దిట్టంగా కూరి, సిమెంటు పూసి నున్నగా తీర్చాడు.

పూసిన మర్నాడు పొద్దున్నే తడపకపోతే పూత పగుళ్ళిస్తుంది. అందుకని శనివారం తెల్లవారగానే బకెట్టు పట్టుకుని గోపురం ఎక్కాడు. గోడ నిండా గబ్బిలాలు. కొత్త సిమెంటు మీద పాకుతున్నాయి, పట్టు దొరక్క జారుతున్నాయి, ఎగిరి మళ్ళీ అక్కడే వాలుతున్నాయి. నీళ్ళు చల్లినా పోలేదు. గోడకు చెవి ఆనిస్తే లోపల సన్నగా కిచకిచలు వినిపించాయి.

అవి పిల్లల్ని కనే కాలమది. తల్లులు మేతకు పోతూ పసికూనల్ని సందులోనే వదిలి పోతాయట. ఆ సంగతి అతనికీ తెలియదు, ఊళ్ళో ఎవరికీ తెలియదు.

కిందికి పరుగెత్తి సుత్తీ ఉలీ తెచ్చుకుని కొట్టడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడుకి జ్ఞానానందం గారు కండువా సర్దుకుంటూ నిచ్చెన కిందికి వచ్చారు.

"ఏంటయ్యా ఇది? రేపు పండగ పెట్టుకుని గోడ బద్దలు కొడుతున్నావు?"

"పిల్లలు లోపలే ఉండిపోయాయండి."

"సోమవారం తీద్దువుగానిలే. తెనాలి నుంచి కూడా జనం వస్తారు. నీ పనే నవ్వులపాలవుద్ది."

"సోమవారం తీస్తే ఎముకలు తప్ప ఏం మిగులుద్దండి? నవ్వితే నవ్వనీండి."

తన పూతను తనే పగలగొట్టి, ఇటుక ముక్కలు బయటికి లాగాడు. సందు తెరుచుకుందో లేదో, ఒక తల్లి అతని మణికట్టు మీదుగా పాకి లోపలికి దూరింది. దాని వెనకే మిగతావి. అన్ని పిల్లలూ బతకలేదు. కొన్ని ఇటుక ముక్కల కింద నలిగిపోయాయి. వాటిని సిమెంటు తట్టలో కిందికి తెచ్చి, జ్ఞానానందం గారి ముందు పెట్టాడు. ఒక్కొక్కటి బొటనవేలంత కూడా లేదు. ఆయన వంగి చూసి, "ఆ మూల కప్పెట్టెయ్ రాజూ" అన్నారు.

ఆదివారం తెల్లటి గోపురానికి పైన ఎగుడుదిగుడు బొక్క, పన్నూడిన నోరులా. వచ్చినవాళ్ళు చూపించుకుని నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆరాధన అయ్యాక, గుడికి పని చేసినవాళ్ళకు శాలువాలు కప్పడం మా ఆనవాయితీ. శాలేమురాజుని పిలిచారు. వెళ్ళాడు గానీ, జ్ఞానానందం గారు శాలువా విప్పగానే వెనక్కి జరిగాడు.

"మూసినందుకైతే నాకొద్దండి. నా చేతుల్తో కొన్నిటిని చంపాను."

పక్కనే నిలబడ్డ పాస్టరు అయ్యగారి చేతిలో మైకు దగ్గరగా ఉంది. గుడంతా విన్నది.

"తెరిచినందుకేనయ్యా" అన్నారు జ్ఞానానందం గారు. "ఆ సందు ఇంక మూయం. రెట్టలు బెంచీల మీద పడకుండా కింద చెక్క పలక కొట్టించుకుందాం. తల వంచు."

వంచాడు. శాలువా కప్పడం అయిపోయినా తల ఎత్తలేదు. ఏడుస్తున్నాడు. ముందు వరసలో కృపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ కన్నీళ్ళు ఆగలేదు.