పదకొండో చెట్టు

ఆ రోజు మా అరుగు దగ్గర: నెట్ పోయి మీటింగ్ మధ్యలో ఆగిపోయిన నా లాప్‌టాప్, కొబ్బరికాయలు ఒలుస్తున్న నాన్న, మెట్ల కింద భుజాన వైరు చుట్టతో మా కేబుల్ ఆయన.

నెలాఖరులోగా ఇంటికి ఫైబర్ నెట్ రాకపోతే హైదరాబాద్ ఆఫీసుకు వచ్చేయాలని మా మేనేజర్ చెప్పేశాడు. అందుకే కేబుల్ ఆయన కనిపించినప్పుడల్లా అడిగేవాణ్ణి. ఆయన ప్రతిసారీ తలెత్తి, కాలవ అవతలి కేబుల్ పెట్టె నుంచి మా ఇంటిదాకా కొబ్బరిచెట్లను వేలితో లెక్కపెట్టేవారు. మా వీధిలో స్తంభాలు లేవు, వైరు చెట్టు నుంచి చెట్టుకు రావాలి. పదో చెట్టు దగ్గర ఆయన వేలు ఆగిపోయేది.

“ఆయ్, వచ్చేత్తదండి,” అనేవారు.

“ఎప్పుడండి?”

“వచ్చేత్తదండి బాబూ, మీరు కంగారు పడకండి.”

ఆయన నోట తేదీ గానీ, కుదరదన్న మాట గానీ ఎన్నడూ రాలేదు. ఆ రోజు విసిగిపోయి గేటుదాకా వెంటపడ్డాను.

“రాదంటే రాదని చెప్పేయండి. సామాన్లు సర్దుకుంటాను.”

ఆయన అరుగు వైపు చూసి గొంతు తగ్గించారు. “పది చెట్లవాళ్లూ మేకు కొట్టుకోమన్నారండి. పదకొండోదాని దగ్గరే ఆగిపోయిందండి. మేకు దిగితే కాపు తగ్గిపోద్దన్నారండి.”

“ఎవరన్నారు?”

“మీ నాన్నగారేనండి. ఆయన మాట మీకు నేను చెబితే ఏం బాగుంటదండి?”

అరుగు మీద నాన్న ఇంకో కాయ అందుకున్నారు.

ఫైబర్ గురించి నేను కేబుల్ ఆయన్ని అడిగింది పద్నాలుగుసార్లు. నాన్నను అడిగింది సున్నా.