చేతులు ఊరుకోని ఫరహా

ఫరహా ఒకచోట కుదురుగా కూర్చోవడం ఇల్లందులో ఎవరూ చూడలేదు. పాలిటెక్నిక్‌లో చేరి మధ్యలో మానేసింది. ఖమ్మంలో సెల్‌ఫోన్ల దుకాణంలో కొన్నాళ్లు, కళ్ల దవాఖానాలో చీటీలు రాస్తూ కొన్నాళ్లు పనిచేసింది. తండ్రి సాబిర్‌ది పరుపులు కుట్టే దుకాణం. అక్కడ కూర్చోబెట్టినా ఊరుకునేది కాదు. ఆయన చేతిలోని సూది తీసుకుని నాలుగు కుట్లు వేసి, అవి వంకరపోతే వదిలేసి వెళ్లేది. ఎవరైనా మాట కోసం తడుముకుంటుంటే ఆ మాట తనే అందించేది. తల్లి దిల్షాద్ నెమ్మదిగా ఉల్లిగడ్డ కోస్తుంటే కత్తి లాక్కునేది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠాలు చెప్పే కోర్సులో ఆమె చేరినప్పుడు సాబిర్ ఒక్కటే అడిగాడు.

"ఇదన్న పూర్తి జేస్తవా బిడ్డా?"

"చేస్తా అబ్బా," అంది ఫరహా, అప్పటికే గుమ్మం దాటుతూ.

కోర్సు చివర బడిలో ఉండి ప్రాక్టీసు చేయాలి. ఆమెకు కొత్తగూడెం వైపు అడవి దారిలో ఉన్న ఒక ఊరు పడింది. పెద్ద బడి ఆవరణలో ఒక గది. కింద రంగు చాపలు, గోడకు నిలువుటద్దం, పట్టుకుని నడవడానికి రెండు ఇనుప కమ్మీలు. అక్కడి టీచరు సునంద ఏళ్లుగా ఆ పిల్లలతోనే ఉంది. పిల్లలకు అన్నం పెట్టి, మూతులు కడిగే ఆయమ్మ పేరు నాంచారమ్మ.

సునంద ఫరహాకు కవితను అప్పగించింది. తండా నుంచి ఆటోలో వచ్చే కవితకు పదేళ్లు. మాటలు రాలేదు. నడుస్తుంది, చేతుల్లో బలం ఉంది, బుద్ధి ఎదుగుదలే నెమ్మది. అన్నం వేళకు పళ్లెం ముందు కూర్చుని నోరు తెరిచేది. ఇంట్లో తల్లి, ఇక్కడ ఆయమ్మ ముద్దలు పెట్టేవారు.

"ఈ పిల్ల తన చేత్తోని తినాలె. నీ ప్రాక్టీసు అయ్యేలోపట ఒక్క ముద్ద తిన్నా మంచిదే," అంది సునంద.

ఫరహాకు ఒక్క ముద్ద ఆనలేదు. కాలేజీ నుంచి సారు పాఠం చూడటానికి వచ్చేనాటికి కవిత పళ్లెం ఖాళీ చేసి తీరాలనుకుంది. కవిత వెనక కూర్చుని, ఆమె కుడిచేతి మీద తన చెయ్యి వేసి, వేళ్లు మడిచి, ముద్ద ఎత్తి నోటికి చేర్చేది. మొదట్లో ఆ చెయ్యి తడిబట్టలా జారిపోయేది. రానురాను చక్కగా లేవసాగింది. గుమ్మంలోంచి చూస్తే కవితే తింటున్నట్టు ఉండేది.

"జర ఆగి చూడు ఫరహా. నీ చెయ్యి కొంచెం వదులు చెయ్యి," అనేది సునంద.

"చేస్తున్నా మేడమ్," అనేది ఫరహా. ముద్ద నేల మీద పడుతుందేమోనన్న భయంతో మరింత గట్టిగా పట్టుకునేది.

కాలేజీ సారు కుమారస్వామి వచ్చి చాప మీదే కూర్చున్నాడు. కవిత సగం పళ్లెం తినేదాకా చూశాడు.

"బాగుందమ్మా. ఇప్పుడు నీ చెయ్యి తియ్యి."

ఫరహా తీసింది. కవిత చెయ్యి పప్పన్నంలోకి వాలిపోయింది. ఆమె తల ఎత్తి నోరు తెరిచి ఎదురుచూసింది.

"అన్నం నువ్వు తినిపిచ్చినవ్. మరి నేర్పింది ఏంది?" అన్నాడాయన. గొంతులో కోపమైనా లేదు. కోప్పడి ఉంటే ఫరహా ఏదో ఒకటి ఎదురు చెప్పి ఉండేది.

మర్నాడు ఫరహా బడి వైపు బస్సెక్కలేదు. ఖమ్మం బస్సెక్కి, పాత సెల్‌ఫోన్ల దుకాణానికి వెళ్లింది. యజమాని ఆసిఫ్ ఆమెను చూసి నవ్వాడు. "గిదిగూడ ఇడిసిపెట్టినవా? సరే, ఒకటో తారీఖు నుంచి రా." ఆ మాట విన్నాక కూడా ఆమెకు మనసు కుదుటపడలేదు. బజారులో ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరిగింది. చాయ్ తెప్పించుకుని తాగకుండానే లేచింది. అప్పుడు సునంద ఫోన్ చేసింది.

"కవిత నోరు తెరుస్తలేదు. ఆయమ్మ పెడితే మూతి తిప్పుకుంటుంది. నిన్న రాత్రి ఇంట్ల గూడ తినలేదంట."

"జ్వరమా మేడమ్?"

"లేదు. నర్సమ్మ చూసింది. నువ్వు రేపు రా."

ఆ రాత్రి ఫరహాకు సరిగా నిద్ర పట్టలేదు. పొద్దున మొదటి బస్సుకే వెళ్లింది. అన్నం వేళకు ఎప్పటిలా కవిత వెనక కూర్చుని చేతి మీద చెయ్యి వేసింది. కవిత విదిలించింది. మళ్లీ వేస్తే గోళ్లతో గీరింది.

"చూడండి మేడమ్, నెత్తురొచ్చింది."

సునంద గాయం తుడిచి మందు రాసింది. "ఇన్నేండ్లల్ల ఈ పిల్ల ఎవర్నీ వద్దనలేదు. ఎవరు పెట్టినా తినేది, ఎటు లాగితే అటు పోయేది. నిన్నటి సంది వద్దంటుంది."

"మరి నేనేం చెయ్యాలె?"

"ఎదురుంగ కూసో. చేతులు తొడల కింద పెట్టుకో."

ఫరహా అలాగే కూర్చుంది. పప్పు చల్లారి గట్టిపడింది. మిగతా పిల్లలు తిని లేచారు. నాంచారమ్మ గిన్నెలు కడిగి బోర్లించింది. ఫరహా కాలు దానంతటదే ఊగుతోంది. పెదవి కొరుక్కుంది. ముద్ద కలిపి ఇవ్వాలని వేళ్లు గుంజుతున్నాయి. కవిత పళ్లెంలో చెయ్యి పెట్టింది. అన్నం పిసికింది, చాప మీద పూసింది, ఇంత తీసి ఫరహా చున్నీకి రాసింది. తినలేదు. మర్నాడూ తినలేదు. ఆ తర్వాతి రోజు ఉడకబెట్టిన గుడ్డును అటూ ఇటూ తిప్పి చూసి, వాసన చూసి, కొరికింది. సగం కింద పడింది. వంగి అది కూడా తీసుకుని తిన్నది.

ఫరహా కళ్లు తుడుచుకుంటూ వరండాలోకి వెళ్లింది. అక్కడ కవిత తల్లి ద్వాళి నిలబడి ఉంది. కోపంగా ఉంది.

"ఏం జేసినవ్ మేడం మా పిల్లను? ఇంట్ల నేను పెడితే నోరు బిగవడుతుంది. ముందు ఐదు నిమిషాల్ల తినేది. ఇప్పుడు గంట కూసోవాలె. దీని నాయన బొగ్గు లారీ మీద పొద్దుగాలనే పోతడు. నేను పత్తి ఏరనీకి పోవద్దా?"

ఫరహా గుడ్డు సంగతి చెప్పింది. ద్వాళి ముఖం కొంచెం మెత్తబడింది కాని, "గుడ్డు రోజూ ఏడికెళ్లి తేవాలె?" అంది.

ఆదివారం ఫరహా తండాకు వెళ్లింది. వెళ్లి చేసేదేమిటో ఆమెకే తెలియదు. ద్వాళి నడుముకు పత్తి సంచి కట్టుకుని బయలుదేరుతోంది.

"రొట్టె ఇస్తే తింటదా అక్కా?"

"మొన్న చేతిల పెట్టి పోయిన. వచ్చేసరికి లేదు. ఇది తిన్నదో, కుక్క తిన్నదో నాకేం తెలుసు?"

"నేను ఉండి చూస్తా. నువ్వు పో."

ద్వాళి జొన్నరొట్టె కవిత చేతిలో పెట్టి, అనుమానంగా వెనక్కి చూస్తూ వెళ్లింది. ఫరహా పందిరి కింద కూర్చుంది. కవిత రొట్టె పట్టుకుని వాకిలంతా తిరిగింది. కోళ్ల గూడు దగ్గర ఆగింది. రొట్టె అంచు నోట్లో పెట్టుకుంది. ఒక చుట్టు తిరిగి మళ్లీ కొరికింది. కుక్క వెంట పడితే దానికి ఒక ముక్క విసిరింది. ఫరహా లేవబోయి, ఆగి, మళ్లీ కూర్చుంది. రొట్టె అయిపోయేసరికి ఎండ ముదిరింది. కుక్కకు పోను సగానికి పైగా కవితే తిన్నది.

సాయంత్రం అది విని ద్వాళి సంచి దింపి అక్కడే కూలబడింది. "కూసోబెడితే తినదు, తిరుగుతుంటే తింటదా," అంది. తర్వాత లోపలికి వెళ్లి ఫరహాకు చాయ్ పెట్టింది.

ప్రాక్టీసు ముగిసింది. కుమారస్వామి మరోసారి వచ్చి ఫరహాకు మామూలు మార్కులే వేశాడు. ఆమె కోర్సు పూర్తి చేసింది. ఇప్పుడు దుమ్ముగూడెం వైపు ఒక బడిలో తాత్కాలికంగా పనిచేస్తోంది. కొన్ని సాయంత్రాలు ఇక మానేద్దామనుకుంటూ బస్సెక్కుతుంది. తెల్లారేసరికి మళ్లీ బడికి వెళ్తుంది.

ద్వాళి అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. కిందటి నెల బంధువుల పెళ్లి నుంచే చేసింది.

"అన్నం మాత్రం నేనే పెట్టాలె మేడం. అది మారలే. ఇయ్యాల పెండ్లిల లడ్డు తన చేత్తోనే తిన్నది. ఆ పక్కన కూసున్న ముసలామె పళ్లెంలది గూడ తీసుకొని తిన్నది. ఆమె తిడుతుంది. ఈ పిల్లను కొట్టాల్నా, ఊకోవాల్నా?"

ఫరహా ఏదో చెప్పబోయింది. అంతలో బ్యాండు మోత మొదలై ఆమె మాట అవతలికి వినిపించలేదు.