తల లేని గిటార్

మా మేనమామ గిటార్‌కు తల లేదు. విరిగిపోయి కాదు, తయారుచేసినప్పటి నుంచే లేదు. మామూలు గిటార్‌కు మెడ చివర వెడల్పాటి చెక్క, దానికి తీగలు బిగించే మరలు ఉంటాయి కదా. దీని మెడ ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆ కొసన చిన్న ఇనుప బిళ్ళ ఒకటి తీగలను పట్టుకొని ఉంటుంది. మరలన్నీ కింద, అడుగున. ఒళ్ళు కూడా నడుము ఒంపులు లేకుండా నల్లటి సన్నని పెట్టెలా ఉంటుంది. సంచిలో ఉంటే క్రికెట్ బ్యాట్ అనుకుంటారు.

వయసులో ఉన్నప్పుడు మామ పులివెందుల ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. మద్రాసులో స్టూడియోలకు వాయించే ఒకాయన దగ్గర ఈ ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాడు. అప్పటికే అది పాతది. పెళ్ళి పందిళ్ళలో జనం "తలకాయ యాడ పోగొట్టుకున్యావప్పా?" అని అరిచేవారట. "నా భుజాల మీద ఉండాది, చాల్దా?" అనేవాడట మామ.

తర్వాత చిన్న ఇంటికి మారుతూ దాన్ని ప్రొద్దుటూరులో మా ఇంట్లో వదిలి వెళ్ళాడు. అది మా బీరువా మీద ఉండేది. దాని వెనక నా డైరీలు దాచుకునేదాన్ని. గిటార్ మీద ఎవరూ చెయ్యి వెయ్యరు కాబట్టి అంతకంటే భద్రమైన చోటు ఇంట్లో లేదు.

పోయిన ఏడాది ఒక రోజు మామ ఫోన్ చేశాడు. పాత ఆర్కెస్ట్రా వాళ్ళంతా మళ్ళీ ఒకసారి కలిసి వాయించబోతున్నారు. వచ్చే మంగళవారం వచ్చి గిటార్ తీసుకుపోతానన్నాడు. అంతలోపల డైరీలు వేరే చోటికి మార్చాలి కదా. మరునాడు స్టూలెక్కి ఒక డైరీ లాగాను. గిటార్ కూడా వచ్చి నేల మీద పడింది.

సంచి విప్పి చూస్తే మెడ కొసన ఇనుప బిళ్ళ కింద చెక్క పెచ్చు లేచి ఉంది. బిళ్ళ ఊగుతోంది. మామకు ఆర్కెస్ట్రా రోజుల నుంచి మిగిలిన వస్తువు అదొక్కటే. అమ్మకు చెప్పలేదు. జమ్మలమడుగులో హార్మోనియాలు, వీణలు బాగుచేసే వడ్రంగి ఆచారి ఉన్నాడని విని, స్నేహితురాలి ఇంటికని చెప్పి బస్సెక్కాను.

అంగడి ముందు నలుగురైదుగురు మగవాళ్ళు కూర్చొని మాట్లాడుకుంటున్నారు. అంతమంది ముందు నోరు తెరవడం నాకు చేతకాదు. ఎందుకైనా మంచిదని ముందే ఒక చీటీ రాసి పెట్టుకున్నాను. "తల దగ్గర విరిగింది. దయచేసి సరిచేయగలరు." కింద ఫోన్ నంబరు. గిటార్, చీటీ ఆచారి చేతిలో పెట్టి, సోమవారానికి కావాలని మాత్రం గొణిగి వచ్చేశాను.

ఆదివారం పొద్దున ఆయన ఫోన్ చేశాడు.

"పాపా, తలకు మంచి టేకు ముక్క దొరికింది. కొసన ఒక రెండు వేళ్ళంత కోసేసి అతికిస్తా. హంస తల చెక్కుతా, శానా బాగుంటాది. సరేనా?"

"సరే తాతా," అన్నాను.

ఎవరు ఏం అడిగినా నా నోట ముందు వచ్చేది ఆ మాటే. ఆయన ఫోన్ పెట్టేశాక గానీ ఆయన అన్నదేమిటో నాకు ఎక్కలేదు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నాలుగుసార్లు చేశాను. చెప్పులు వేసుకొని బస్టాండుకు పరుగెత్తాను. దారి పొడుగునా రంపం చప్పుడే చెవుల్లో. మామకు ఏం చెప్పాలో ఒక్క వాక్యం కూడా కుదరలేదు.

అంగడి చేరేసరికి గిటార్ బల్ల మీద పడుకొని ఉంది. కొసకు రెండు వేళ్ళ కింద అడ్డంగా పెన్సిల్ గీత. పక్కన టేకు ముక్క మీద హంస బొమ్మ. ఆచారి, ఆయన స్నేహితుడు ఒకాయన టీ తాగుతున్నారు.

"కోయొద్దు తాతా!" అని అరిచాను. అంత గట్టిగా ఎప్పుడు అరిచానో నాకే గుర్తులేదు. "దానికి తల లేదు. మొదట్నుంచీ లేదు!"

"కూచో పాపా, ఆయాసపడతాండావు," అన్నాడు ఆచారి. "ఈపొద్దు అమాస గదా. అమాస నాడు మేం రంపం ముట్టం. రేపు కోద్దామనుకుంటి."

అక్కడే చెక్కపొట్టు మీద కూర్చుండిపోయాను. అమావాస్య అని క్యాలెండర్‌లో చూసి కూడా ఉంటాను, దానికి ఇంత విలువ ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

"శివుడు కొడుక్కి ఏనుగు తల పెట్టినట్ల, మా ఆచారి దీనికి హంస తల పెడ్తాండె. నువ్వొచ్చి చెడగొడితివి," అన్నాడు స్నేహితుడు.

ఆచారి జేబులోంచి నా చీటీ తీశాడు. "తల దగ్గర విరిగిందని నువ్వే రాసిస్తివి గదా. తలే లేనిదానికి తల దగ్గర అంటే ఏంది?"

ఇన్ని పుస్తకాలు చదివాను, ఇన్నేళ్ళుగా రోజూ రాస్తున్నాను. ఒక్క చీటీ సరిగ్గా రాయడం రాలేదు. లేచి వెళ్ళి లేచిన పెచ్చును వేలితో చూపించాను. అడుగున ఉన్న మరలను కూడా తిప్పి చూపించాను.

"ఓరి దీని! చెవులు తీస్కపోయి కాళ్ళ కాడ పెట్టినారే!" అని ఆయన పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. మరునాడు ఆ పెచ్చును బంకతో అతికించి, పెన్సిల్ గీత తుడిచి ఇచ్చాడు.

మంగళవారం మామ వచ్చాడు. ఆయన సంచి విప్పకముందే జరిగిందంతా చెప్పేశాను, డైరీల సంగతి తప్ప. మామ కొసను వేలితో తడిమి చూశాడు. తెచ్చుకున్న చిన్న స్పీకర్‌కు తీగ తగిలించి, మరలు తిప్పుకొని మీటాడు. గోడలు అదిరాయి.

"బాగనే పలుకుతాంది," అన్నాడు. "ఈ పెచ్చు మొదట లేపింది నువ్వు కాదులే పాపా. లింగాల ఊర్లో నేను స్టేజి మీద నుంచి పడినప్పుడే లేసింది. మీ అమ్మే బంక పెట్టి అతికిచ్చె. తాను అతికిచ్చినట్టు మీ తాతకు చెప్పొద్దని నాతో ఒట్టు గూడా వేయించుకునింది."

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "ఆ సంగతులన్నీ దానికెందుకు చెప్తాండావు? వచ్చి అన్నం తిను."